పరుగెత్తినవాడు వేసిన తాళం

మా ఊరి పిల్లలు తెల్లవారుజామున పరుగెత్తే మైదానానికి విశ్వవిద్యాలయంవారు తాళం వేశారు. వేయించినవాడు వైస్ చాన్సలరు. ఆయన ఒకప్పుడు పరుగు నేర్చుకున్నది నా చేలో. ఇది అన్యాయం. అప్పుడూ అదే అన్నాను, ఇప్పుడూ అదే అంటాను.

ఆ తాళం వల్ల దెబ్బతిన్నవాళ్ళలో నా మనవరాలు ఒకతె. నా కూతురి కూతురు. డిగ్రీ పూర్తిచేసింది, కానిస్టేబుల్ ఉద్యోగానికి రాత పరీక్ష గట్టెక్కింది. మిగిలింది పరుగు. కిందటిసారి ఆ పరుగులోనే కొద్దిలో పోయింది. వయసు పరిమితి దగ్గరపడింది కనుక ఇదే ఆఖరి అవకాశం. మా ఊరికి ఆనుకునే విశ్వవిద్యాలయం ఉంది, దానికి చక్కటి మైదానం ఉంది, చుట్టూ పరుగుబాట ఉంది. రోజూ చీకటితోనే లేచి మా ఊళ్ళోవాళ్ళు, పక్క ఊళ్ళవాళ్ళు అక్కడికి వెళ్ళి పరుగెత్తి, తెల్లవారి మావాళ్ళు పొలాలకు బయల్దేరే వేళకు ఇళ్ళకు వచ్చేవారు. ఒకరోజు వెళ్ళేసరికి గేటుకు గొలుసు, గొలుసుకు తాళం, పక్కన బోర్డు: బయటివారికి ప్రవేశం లేదు.

మర్నాటి నుంచి పిల్ల రోడ్డు మీద పరుగెత్తడం మొదలుపెట్టింది. మా రోడ్డు సంగతి చూసినవాళ్ళకు చెప్పనక్కర్లేదు. తెల్లవారకముందే ఇసుక లారీలు, రావులపాలెం మార్కెట్టుకు అరటిగెలలు మోసుకెళ్ళే వ్యాన్లు, నీళ్ళు కార్చుకుంటూ పోయే చేపల బళ్ళు. ఒక పక్క కాలవ, ఇంకో పక్క రొయ్యల చెరువు గట్టు. తప్పుకోవడానికి జాగా లేదు. ఒకరోజు లారీ ఒకటి ఒంటికి రాసుకున్నంత దగ్గరగా పోయేసరికి పిల్ల గట్టు కిందున్న పంటబోదెలో, చేలకు నీళ్ళు పారే పిల్లకాలవలో, పడింది. ఒళ్ళంతా బురదతో, మోకాలు చెక్కుకుపోయి ఇంటికొచ్చింది.

"ఏం కాలేదు తాతయ్యా. చీలమండ బాగానే ఉంది," అంది.

మనిషి పోయేదేనన్న ఆలోచన దానికి లేదు. చీలమండ బాగుంటే చాలట. నాకు ఒళ్ళు మండింది.

నేను బళ్ళో చదివింది ఐదో తరగతి దాకానే. మిగిలిన చదువంతా మా పంచాయతీ ఆఫీసు పక్కనున్న గ్రంథాలయంలో, బల్ల మీద పడి ఉన్న పేపర్లు, పుస్తకాలు ఒక్కొక్కటే కూడబలుక్కుంటూ నేర్చుకున్నది. అర్జీ రాయడం కూడా అక్కడే పట్టుబడింది. పింఛను ఆగినా, పంటబోదె పూడిపోయినా, కరెంటు స్తంభం ఒరిగినా మా ఊళ్ళో జనం నా దగ్గరికే వస్తారు. వెనకాల పిటిషన్ల తాతగారని నవ్వుకుంటారని తెలుసు. నవ్వుకోనీ. స్తంభాలు నిటారుగానే ఉన్నాయి కదా.

ఆ వైస్ చాన్సలరు గారి సంగతి ఇక్కడ చెప్పాలి.

ఆయన పుట్టింది సముద్రానికి దగ్గరలో, గౌతమి ఒడ్డున ఉన్న చేపలు పట్టేవాళ్ళ పేటలో. తండ్రికి పడవ, వల తప్ప ఇంకేమీ లేవు. రామచంద్రపురంలో కాలేజీలో చేరినప్పుడు మా ఊళ్ళో చేపలమ్ముకునే మేనత్త ఇంట్లో ఉండి చదువుకున్నాడు. సన్నగా, రెల్లుపుల్లలా ఉండేవాడు. కాలేజీకి బస్సులో వెళ్ళమని తండ్రి డబ్బులు పంపితే బస్సెక్కకుండా పరుగెత్తుకుంటూ వెళ్ళేవాడు. డబ్బులు మిగుల్చుకోవడానికేమో అనుకున్నాం. కాదు, పరుగు కోసమే పరుగు. కాలేజీ తరఫున దూరపు పందేలకు అతన్నే పంపించేవారు. అయితే ఆ కాలేజీకి అప్పట్లో సరైన మైదానం లేదు.

మా ప్రాంతంలో నేలకు ఖాళీ ఉండదు. సార్వా వరి కోయగానే దాళ్వా వరి, ఏడాదికి రెండు పంటలు. గట్ల మీద కూడా కందో, కొబ్బరో. దాళ్వా కోతలయ్యాక, ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర కాలవలు కట్టేశాక, మళ్ళీ నీళ్ళు వదిలేదాకా ఉండే ఆ వేసవిలోనే భూమికి కాస్త తీరిక. అప్పుడు చేలకు హద్దులుండవు. ఎవరి గేదెలు ఎవరి చేలోనైనా మేస్తాయి, పిల్లలు ఎక్కడైనా ఆడతారు, పెళ్ళికి పందిరి వేయాలన్నా దగ్గరున్న చేలో వేసేస్తారు. నాది కాలవ పక్కన గరువు. అంటే కాస్త ఇసుక కలిసిన మెరక నేల. పల్లపు చేలలాగా ఎండకు నెర్రెలు విచ్చుకోదు. అడుగు ఒత్తుగా పడుతుంది. ఆ సంగతి కుర్రాడు కనిపెట్టాడు. ఒకరోజు చేలోకి వెళ్ళేసరికి రైసుమిల్లు నుంచి తెచ్చిన ఊక బూడిదతో చేను చుట్టూ గుండ్రంగా గీత గీసి ఉంది. గీత మీద వాడు తిరుగుతున్నాడు, గానుగెద్దులాగా.

ఆ వేసవి నేను చేను దున్నలేదు. పక్క చేను ఆసామి గట్టు మీద నిలబడి నవ్వాడు.

"ఏరా, పిల్లిపెసర చల్లాల్సిన చేలో కుర్రోణ్ణి చల్లేవేంట్రా?"

"మొలిచేదాకా ఆగు," అన్నాను.

నీళ్ళు లేని కాలవలో కూడా పరుగెత్తేవాడు. అడుగున మెత్తటి ఇసుక ఉంటుంది, కాళ్ళకు బలం వస్తుందనేవాడు. కాలేజీవాళ్ళు వాడికి మేకులున్న బూట్లు ఒక జత కొనిచ్చారు. ప్రాణంలా చూసుకునేవాడు. కాలవకు నీళ్ళు వదిలిన మర్నాడు చూద్దును కదా, వాడు గట్టు మీద గొంతుక్కూర్చుని నీళ్ళ కేసి చూస్తున్నాడు.

"ఏంట్రా?"

"బూట్లండి. తూము దగ్గర మెట్టు మీద పెట్టేను. నీళ్ళొచ్చేసేయి."

"నీళ్ళొస్తున్నాయని ఊరంతా తెలుసు కదరా. తియ్యలేదా?"

"చూసేనండి. పాటుకి తగ్గిపోతాయి గదా, అప్పుడు తీసుకుందాం అనుకున్నాను."

నాకు నవ్వాలో తిట్టాలో తెలియలేదు. వాళ్ళ పేట దగ్గర గోదావరికి పోటూ పాటూ ఉంటాయి. పొద్దున ఎక్కిన నీరు సాయంత్రానికి దిగుతుంది. పుట్టినప్పటి నుంచీ అదే చూసినవాడికి కాలవంటే ఏం తెలుసు? "ఇది మళ్ళీ తగ్గేది వచ్చే వేసవికిరా బాబూ," అన్నాను. వాడు లేచి చొక్కా విప్పి దూకాడు. ఒక బూటు దొరికింది. రెండోది ఏ ఊరు చేరిందో. ఆ ఏడు యూనివర్సిటీ పోటీల్లో వట్టి కాళ్ళతో పరుగెత్తి పతకం తెచ్చాడు.

తర్వాత అదే కాలేజీలో పీడీగా చేరాడు. ఆటలు నేర్పే మాస్టారన్నమాట. పిల్లల్ని వెంటబెట్టుకుని వేసవుల్లో మళ్ళీ నా చేలోకే వచ్చేవాడు. ఆడపిల్లల్ని పరుగుకు తెచ్చిన కొత్తలో ఊళ్ళో నోళ్ళు లేచాయి. అతను ఎవరితోనూ వాదించలేదు. ఆ పిల్లల తల్లుల్ని కూడా రమ్మన్నాడు. వాళ్ళు గట్టు మీద నీడన కూర్చుని చింతపండు గింజలు తీసుకుంటూ కూతుళ్ళ పరుగు చూసేవారు. నాలుగు రోజులకే ఎవరి కూతురు ముందుందో వాళ్ళలో వాళ్ళే పోట్లాడుకోవడం మొదలుపెట్టారు. నోళ్ళన్నీ వాటంతటవే మూతపడ్డాయి.

అలా నేర్పుతూనే చదువుకున్నాడు, డాక్టరేట్ తెచ్చుకున్నాడు, ప్రిన్సిపాల్ అయ్యాడు. చివరికి మా పక్కనే ఉన్న విశ్వవిద్యాలయానికి వైస్ చాన్సలర్‌గా వేశారు. ఆ రోజు టీకొట్టు దగ్గర ఒక రిటైర్డ్ లెక్చరర్ గారు పేపరు మడిచి పక్కన పడేసి, "డ్రిల్లు మాస్టారు వైస్ చాన్సలరేంటండీ, ఇంక పిల్లలకి పాఠాలకి బదులు బస్కీలు చెప్తారు కాబోలు," అన్నారు.

"చెప్తే మంచిదేనండీ. మీరు పాఠాలు చెప్పిన కుర్రాళ్ళు మెట్లెక్కితే ఆయాసపడతన్నారు," అన్నాను. ఆయన ఇప్పటికీ నాతో మాట్లాడరు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఆ మనిషి తరఫున నేను ఊళ్ళో వాళ్ళతో పోట్లాడినవాణ్ణి. అలాంటివాడు గేటు మూస్తే నాకెలా ఉంటుంది?

మొదట గేటు దగ్గరున్న వాచ్‌మన్‌ను అడిగాను.

"నాకేం తెల్దండీ. వెయ్యమన్నారు, వేసేను. రాత్రుళ్ళు ఎవడో గోడ దూకొచ్చి తాగి సీసాలు పగలగొట్టి పోతన్నాడంట."

"గోడ దూకేవాడికి గేటుతో పనేంటయ్యా?"

"ఆయ్, నేనూ అదే అన్నానండి. ఇనేవాళ్ళేరీ?"

ఇంటికొచ్చి అర్జీ రాశాను. ఒంట్లో ఉన్న కోపమంతా అందులో పెట్టాను. నా చేను, ఊక బూడిద గీత, దున్నకుండా వదిలేసిన వేసవులు, తల్లులు కూర్చున్న గట్టు, అన్నీ రాశాను. నా మనవరాలు బోదెలో పడిన సంగతి రాశాను. చేసిన మేలు మరిచారా అని కూడా రాశాను. స్వయంగా తీసుకెళ్ళి ఇచ్చి, అందినట్టు ఇన్‌వర్డ్ నంబరు వేయించుకున్నాను. జవాబు లేదు. వారం వారం వెళ్ళి ఆ నంబరు చెప్పి అడిగేవాణ్ణి. అక్కడ గుమాస్తా అమ్మాయి నన్ను చూడగానే, "ఇంకా రాలేదండి తాతగారూ," అనేది, నేను గుమ్మం దాటకముందే.

చివరికి ఒకనాడు ఆయన గది బయట కుర్చీలో కూర్చుని, కలిసేదాకా కదలనన్నాను. పీఏ లోపలికి వెళ్ళి వచ్చాడు. రమ్మన్నారన్నాడు.

నన్ను చూడగానే ఆయన కుర్చీలోంచి లేచారు. జుట్టు నెరిసింది గాని మనిషి అదే రెల్లుపుల్ల.

"రండి బాబాయిగారూ. కూచోండి."

"కూచోడానికి రాలేదండి. మీరు గేటు తీయిస్తే వెళ్ళిపోతాను."

"నన్ను 'మీరు' అంటన్నారంటే గట్టి కోపంలోనే ఉన్నారు."

"తీస్తారా లేదా?"

ఆయన ముందు నన్ను కూర్చోబెట్టారు. తర్వాత చెప్పారు. "రాత్రి తాగుబోతులు పగలగొట్టిన సీసా పెంకు మీద కాలేసింది మా యూనివర్సిటీ పిల్లండి. హర్డిల్స్ ఆడుద్ది. పాదానికి కుట్లు పడ్డాయి. ఈ ఏడు పోటీలన్నీ పోయినియ్యి. వాళ్ళ నాన్న వచ్చి మీరు కూచున్న కుర్చీలోనే కూచుని ఏడ్చేడు. నేనేం చెప్పను ఆయనకి?"

"తాగేది రాత్రి వచ్చేవాళ్ళు. పరుగెత్తేది తెల్లారగట్ట వచ్చేవాళ్ళు. ఇద్దరూ ఒకటా?"

"కాదండి. ఒకటని నేనన్లేదు."

"మరి నువ్వు నా చేలో పరుగెత్తలేదా?" అన్నాను. మీరు పోయి నువ్వు వచ్చేసింది.

"పరుగెత్తేను. మర్చిపోలేదండి. అందుకే మీ కాగితానికి జవాబు రాయలేదు."

"అదేంటి?"

"బాబాయి అడిగాడని తీస్తే, రేపు ఎమ్మెల్యేగారి బామ్మర్ది వచ్చి ఇంకోటి అడుగుతాడు. వాళ్ళకీ నేను ఏదో ఒకటి బాకీ ఉన్నాననే అంటారు. మీకు నేను బాకీనే. అది నా ఇల్లమ్మి తీర్చమన్నా తీరుస్తాను. యూనివర్సిటీ గేటుతో తీర్చమంటే నావల్ల కాదు."

ఆ మాటతో నా కోపం ఇంకా పెరిగింది. టీ తెప్పించారు. తాగకుండా వచ్చేశాను.

ఆ మధ్యాహ్నం ఇంట్లో అన్నం ముందు కూర్చుని ఇదంతా చెప్పి, నా చేను దున్నకుండా అతనికి వదిలేసిన మనిషిని పట్టుకుని ఇలా అంటాడా అన్నాను. మా ఆవిడ పులుసు పోస్తూ ఆగింది.

"దున్నకపోవడం నిజమే గానండి, ఆ ఏడు మన ఎర్రెద్దు కాలు కుంటు కదా. దున్నడానికి ఎద్దేదీ?"

"అది వేరే ఏడు."

"అదే ఏడు. మా తమ్ముడు వచ్చి ఆకుపసరు కట్టేడు కూడాను."

"సరే. ఆ తర్వాతేడో?"

"ఆ తర్వాతేటికి మీకు అలవాటైపోయింది. పొద్దున్నే గట్టు మీద కూచుని వాడి పరుగు చూడ్డం. దున్నితే చూడ్డానికేం ఉంటది?"

మనవరాలు నవ్వు ఆపుకోలేక మంచినీళ్ళ చెంబు కోసం లేచింది. నా జ్ఞాపకం మీద నాకు గట్టి నమ్మకం. అయితే మా ఆవిడ జ్ఞాపకంతో ఇంతవరకు గెలవలేదు.

పిల్ల తిరిగొచ్చి నా పక్కన కూర్చుంది.

"తాతయ్యా, గీత గియ్యడానికి ముందు ఆయన నిన్ను అడిగాడా?"

"అడగలేదు."

"నీకు కోపం రాలేదా?"

"కోపమెందుకే? కోసేసిన చేనుకి అడగడమేంటి? ఎవరైనా రావొచ్చు, ఎవరైనా పోవొచ్చు. వద్దన్నవాణ్ణి ఊళ్ళో మనిషి కింద చూడరు."

"మరి అదే రాయొచ్చుగా ఆయనకి."

నేను దాని కేసి చూశాను. అది మజ్జిగ పోసుకుంటోంది.

"ఇంకో మాట," అంది. "ఈసారి నా సంగతి రాయకు. నాకొక్కదానికే తీస్తే నేను లోపలికి వెళ్ళను. రోడ్డు మీదే పరుగెడతాను."

రెండో అర్జీ రాయడానికి మొదటిదానికన్నా చాలా ఎక్కువ కష్టపడ్డాను. కోపంగా రాయడం నాకు చేతనవును. కోపం లేకుండా రాయాలంటే ప్రతి వాక్యం దగ్గరా చెయ్యి ఆగిపోయేది. నా చేను మాట తీసేశాను. బాబాయి అన్న మాట ఎక్కడా రానివ్వలేదు. రాసింది ఇంతే. మా ప్రాంతంలో పంట ఉన్నంతకాలం చేను ఆసామిది, గట్టు తొక్కితే తప్పు. పంట తీశాక మళ్ళీ నాటేదాకా అది నలుగురిదీ. ఇది ఎవరూ ఎవరికీ చేసే ఉపకారం కాదు, ఇక్కడి పద్ధతి. విశ్వవిద్యాలయం మైదానంలో తరగతుల వేళ, ఆటల వేళ విద్యార్థులుంటారు. అది పంట. తెల్లవారుజామున అక్కడ ఎవరూ ఉండరు. అది కోసిన చేను. దానికి తాళం వేయడం ఈ నేల పద్ధతి కాదు. రాత్రి తాగేవాళ్ళ కోసం తాళం రాత్రి వేయండి. తెల్లవారుజామున తీయండి. కింద, అక్కడ పరుగెత్తే పిల్లలందరి చేత సంతకాలు పెట్టించాను. పక్క ఊళ్ళకు కూడా వెళ్ళాను. నా మనవరాలి సంతకం అందరి మధ్యలో, ఎక్కడో ఉంది.

మళ్ళీ ఇన్‌వర్డ్ నంబరు. మళ్ళీ వారం వారం తిరగడం. టీకొట్టు దగ్గర, "ఏంటండీ, మీ శిష్యుడు తీసేడా?" అని ఎత్తిపొడుపులు. "తీస్తాడు," అనేవాణ్ణి. తీస్తాడని నాకు నమ్మకం ఉందో లేదో నాకే తెలియదు. మానేది మాత్రం లేదు.

అవతల పరీక్ష తేదీ దగ్గరకొస్తోంది. పిల్లను రోడ్డు మీద ఒంటరిగా వదలడానికి మనసొప్పలేదు. అందుకని రోజూ దాని వెనకాలే నా పాత మోపెడ్ మీద, లైటు వేసుకుని, రోడ్డు మధ్యన, నడక కన్నా కాస్త వేగంగా వెళ్ళడం మొదలుపెట్టాను. లారీవాళ్ళు హారన్లు కొట్టేవారు, కిటికీలోంచి తల బయటపెట్టి నన్నూ నా వంశాన్నీ తిట్టేవారు. నేను పక్కకు తప్పుకోలేదు. తప్పుకుంటే ముందున్నది పిల్ల.

"తాతయ్యా, నీ బండి పొగకి నాకు ఊపిరాడట్లేదు," అనేది మధ్యలో.

"లారీ కింద పడితే బాగా ఆడుద్ది. పరుగెత్తు," అనేవాణ్ణి.

చలి మొదలైంది. నా నడుము పట్టేసేది. మా ఆవిడ ఆవనూనె రాస్తూ రోజూ ఒకే మాట: "మీకు ఎనభై దగ్గరకొచ్చాయండీ." రోజూ నాది ఒకే జవాబు: "దానికి ఇది ఆఖరిసారి."

ఆ తర్వాత ఒకనాటి మధ్యాహ్నం విశ్వవిద్యాలయం అటెండరు సైకిలు మీద వచ్చి కవరు ఇచ్చి సంతకం పెట్టించుకున్నాడు. పైన అచ్చు ముద్ర ఉంది గాని లోపలి ఉత్తరం చేత్తో రాసింది. అరుగు మీద కూర్చుని మా ఆవిడకూ మనవరాలికీ పైకి చదివి వినిపించాను. అందులో ఇలా ఉంది:

"అయ్యా, మీ రెండు అర్జీలూ చేరాయి. మొదటిది నాకు రాసింది. దానికి ఈ ఆఫీసు నుంచి జవాబు ఉండదు. రెండోది విశ్వవిద్యాలయానికి రాసింది. దానికి జవాబు ఇది. తెల్లవారుజామున అందరినీ ఆపడం తప్పు నిర్ణయం. అది నా నిర్ణయమే. సోమవారం నుంచి తెల్లవారుజామున గేటు తీసి, తరగతుల వేళకు మూస్తారు. ఏ ఊరివారైనా రావచ్చు, ఎవరి సిఫారసూ అక్కర్లేదు. ఒక షరతు ఉంది. పరుగు మొదలుపెట్టే ముందు వచ్చినవాళ్ళంతా వరసగా నిలబడి బాట మొత్తం నడిచి గాజుపెంకులు ఏరాలి. మా విద్యార్థులూ ఏరతారు, మొదటి రోజు నేనూ ఏరతాను. మీరు కూడా రండి, వంగలేకపోతే గోనెసంచి పట్టుకుని నిలబడండి. ఇంకొకటి, ఇది ఆఫీసు సంగతి కాదు. రోడ్డు మీద మోపెడ్ ముందు పరుగెత్తుతున్న అమ్మాయిని రెండుసార్లు కారులోంచి చూశాను. భుజాలు బిగబట్టి పరుగెత్తుతోంది. ఊపిరంతా మొదట్లోనే ఖర్చుపెట్టేస్తోంది. వెనకాల బండి తరుముతుంటే ఎవరైనా అలాగే పరుగెత్తుతారు. మీరు బండి ఇంటి దగ్గర వదిలి రండి."